‘వద్దు’ అనే అధికారం ఎవరి చేతిలో ఉంది?

లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో ఉండే యూదు కుటుంబాల్లో పిల్లలకి పదహారో ఏట, జూన్ నెలలో జీసీఎస్‌ఈ పరీక్షలు అయిపోతాయి. మన పదో తరగతి పరీక్షల్లాంటివే అవి. ఆ వెంటనే వచ్చే సెలవుల్లో తోటివాళ్లతో కలిసి ఇజ్రాయెల్ వెళ్లిరావడం అక్కడ ఆనవాయితీ. చాలా ఇళ్లలో అమ్మానాన్నలు కూడా అదే వయసులో అలాగే వెళ్లొచ్చినవాళ్లు. హబోనిం డ్రోర్, బ్నే అకీవా, ఎఫ్‌జెడ్‌వై లాంటి యువజన సంఘాలు పిల్లల్ని ఒక్కో బస్సుకి నలభై మంది చొప్పున మూడు నాలుగు వారాలు తిప్పి తీసుకొస్తాయి. అమెరికాలో యూఎస్‌వై సంస్థ 1956 నుంచే ఇలాంటి యాత్రలు నడుపుతోంది. 2020లో అక్కడ మొదలైన రూట్‌వన్ పథకం, మార్కస్ ఫౌండేషన్ ఇచ్చిన 2 కోట్ల డాలర్ల నిధితో, ఒక్కో టీనేజర్‌కి 3,000 డాలర్ల వోచర్ ఇవ్వడం మొదలుపెట్టింది.

పంపేముందు తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న రాకెట్ల గురించే ఉంటుంది. దానికి లెక్కల్లోనే జవాబుంది.

గాజా వైపు నుంచి రాకెట్ వస్తోందని సైరన్ మోగితే షెల్టర్‌లోకి చేరడానికి స్దెరోత్ పట్టణంలో ఉండే వ్యవధి 15 సెకన్లు. అష్కెలోన్‌లో 30. టెల్ అవీవ్‌లో, జెరూసలేంలో 90. ఇప్పుడు బస్సులో నలభై మంది పిల్లలున్నారు, దిగడానికి రెండు తలుపులున్నాయి అనుకోండి. ఒక్కొక్కరికీ ఒక్క సెకను చొప్పున వేసుకున్నా బస్సు ఖాళీ కావడానికే 20 సెకన్లు. అదీ అందరూ మేలుకుని, చెప్పులు వేసుకుని, చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి సిద్ధంగా ఉంటే. స్దెరోత్‌లో ఈ లెక్క కుదరదు, టెల్ అవీవ్‌లో కుదురుతుంది. ఉద్రిక్తత పెరిగిన రోజుల్లో యాత్ర దారి ఎటు తిరగాలో ఇలాంటి లెక్కలే తేలుస్తాయి.

అనుభవం కూడా అదే చెబుతోంది. 2006 జూలై 12న లెబనాన్ యుద్ధం మొదలై 34 రోజులు సాగింది. రాకెట్లు ఉత్తరాన పడుతున్నాయి కాబట్టి అప్పటికే దేశంలో ఉన్న పిల్లల బృందాల్ని దక్షిణానికి మళ్లించారు. 2014లో జూలై 8 నుంచి ఆగస్టు 26 దాకా గాజా యుద్ధం. ఈసారి దక్షిణాన్ని వదిలి ఉత్తరానికి మళ్లించారు. ఆ జూలై 22న బెన్ గురియన్ విమానాశ్రయానికి మైలు దూరంలో రాకెట్ పడితే, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ తమ దేశపు విమానాల్ని దాదాపు 36 గంటలు ఆపేసింది. 2025 జూన్ 13న ఇరాన్‌తో యుద్ధం మొదలై ఆకాశమార్గం మూసేసినప్పుడు యూదు యువతని ఇజ్రాయెల్ యాత్రలకి తీసుకెళ్లే బర్త్‌రైట్ సంస్థ సుమారు 1,500 మందిని ఓడలో సైప్రస్‌కి చేర్చి, అక్కడి నుంచి విమానాలెక్కించింది. వీళ్లు 18 దాటినవాళ్లు. పదహారేళ్ల పిల్లలైతే ఆ రాత్రి ప్రయాణం ఇంకెంత కష్టమయ్యేదో ఊహించుకోవచ్చు.

కొందరు అసలు వెళ్లకూడదనే నిర్ణయించారు. 2001 జూన్ 1న టెల్ అవీవ్‌లోని డాల్ఫినేరియం డిస్కో దగ్గర జరిగిన ఆత్మాహుతి దాడిలో 21 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది టీనేజర్లే. అమెరికాలోని రిఫార్మ్ యూదు సమాఖ్య ఆ వేసవి యువజన యాత్రల్ని రద్దు చేసింది. కష్టకాలంలో ఇజ్రాయెల్‌ని ఒంటరిని చేశారని సొంతవాళ్లే విమర్శించారు. ఆ విమర్శలో బాధ ఉంది, అర్థం చేసుకోగలను. కానీ వేరొకరి పిల్లల్ని సంఘీభావానికి గుర్తుగా పంపే హక్కు ఏ సంఘానికీ లేదని నా అభిప్రాయం. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లకి గౌరవం దక్కాలి.

యుద్ధ ప్రమాదాన్ని ఈ యాత్రలు ఇంత పద్ధతిగా ఎదుర్కోవడానికి కారణం, ఇజ్రాయెల్‌లో విద్యార్థి యాత్రల కోసమే పనిచేసే సమన్వయ కేంద్రం ఉండటం. ఏ బృందం ఏ రోజు ఎక్కడికి వెళ్తుందో ఆ సమాచారం ముందే ఆ కేంద్రానికి చేరుతుంది. భద్రతని, వాతావరణాన్ని బట్టి అక్కడివాళ్లు సరే అంటారు, మార్చమంటారు, లేదా వద్దంటారు. ఆ కేంద్రంలో కూర్చున్న మనిషి బస్సులో లేడు. ఎన్నాళ్లనుంచో ఎదురుచూసిన కొండ ఎక్కలేకపోతే పిల్లల ముఖాలు ఎలా వాడిపోతాయో అతను చూడడు. అందుకే అతని నోట ‘వద్దు’ అన్న మాట తేలిగ్గా వస్తుంది. రాకెట్ల విషయంలో ఆ మాట పనిచేస్తోంది. పిల్లల్ని ప్రమాదంలో పడేసేవి ఇంకా చాలా ఉన్నాయి, వాటి దగ్గర ఈ మాట అనేవాళ్లే కరువు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రోడ్డు ప్రమాదాల్లో ఏటా సుమారు 11.9 లక్షల మంది చనిపోతున్నారు. 5 నుంచి 29 ఏళ్ల వయసువాళ్ల మరణాలకి మొదటి కారణం అదే. 2021లో నీట మునిగి చనిపోయినవాళ్లు మూడు లక్షలు. యాత్రకి ముందు జరిగే సమాచార సమావేశాల్లో తల్లిదండ్రులు సాయుధ కాపలా ఎంతమంది అని అడుగుతారు, బస్సు డ్రైవర్ నిన్న ఎన్ని గంటలు నడిపాడని అడగరు. ఐరోపా యాత్రల్లో ఈ రెండో ప్రశ్నకి చట్టమే జవాబిస్తుంది. డ్రైవర్ రోజుకి 9 గంటలకి మించి నడపకూడదు. వారంలో రెండు రోజులు మాత్రం 10 దాకా వెళ్లొచ్చు. నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తీసుకోవాలి. కార్యక్రమం కాగితం మీద ఉదయం ఐదింటి సూర్యోదయం, రాత్రి పదకొండింటి పాటల సభ ఒకే రోజున కనిపిస్తే, ఆ రోజు ఇద్దరు డ్రైవర్లున్నారా అని అడగాలి.

కాపలా ఒక్కటే చాలదని చెప్పే సంఘటన ఒకటుంది. 1997 జూలై 14న ఇజ్రాయెల్‌లోని రామత్ గాన్‌లో మక్కబియా క్రీడల ప్రారంభోత్సవం. ప్రపంచం నలుమూలల నుంచి యూదు క్రీడాకారులు, టీనేజర్లతో సహా, నాలుగేళ్లకోసారి వచ్చే పండుగ అది. స్టేడియంలోకి వెళ్లడానికి యర్కోన్ నది మీద తాత్కాలికంగా పాదచారుల వంతెన కట్టారు. ఆస్ట్రేలియా జట్టు దాని మీద ఉండగా కూలిపోయింది. అరవై మందికి పైగా గాయపడ్డారు, నలుగురు చనిపోయారు. ఆ నలుగురిలో ముగ్గురి ప్రాణాలు తీసింది నదిలోని కాలుష్యం. మురికి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్లి, అరుదైన ఫంగస్ సోకింది. పదిహేనేళ్ల టెన్నిస్ క్రీడాకారిణి ఒకామె ఎన్నో ఆపరేషన్ల తర్వాత బతికి బయటపడింది. వంతెన కట్టినవాళ్లకి ఆ పని చేసే లైసెన్సు లేదని విచారణలో తేలింది, ఐదుగురు దోషులుగా నిర్ధారణ అయ్యారు. ఆ సాయంత్రం స్టేడియం చుట్టూ భద్రతా సిబ్బందికి లోటు లేదు. నది మీద వేసిన ఇనుప గొట్టాల్ని తట్టి చూసి, దీని మీద నడవొద్దు అనే ఇంజినీరు ఒక్కరు లేరు.

2018 ఏప్రిల్ 26న మృతసముద్రం దగ్గర నహాల్ త్సఫీత్ అనే లోయలో ఇంకా దారుణం జరిగింది. సైన్యంలో చేరేముందు చదివే అకాడమీకి ఆ ఏడాది రాబోయే విద్యార్థులు పాతిక మంది నడకకి వెళ్లారు. ఆకస్మిక వరద వచ్చింది. పది మంది కొట్టుకుపోయారు, తొమ్మిది మంది అమ్మాయిలు, ఒక అబ్బాయి. వరదల హెచ్చరికలు ముందే ఉన్నాయి. ఈ వాతావరణంలో అక్కడికి వెళ్లడం పిచ్చితనం, చనిపోతాం అన్న అర్థంలో ఒక అమ్మాయి ముందు రోజే స్నేహితురాలికి మెసేజ్ పంపింది. పద్దెనిమిదేళ్ల పిల్లకి కనిపించిన ప్రమాదం అది. ఆమె దగ్గర అనుమానం ఉంది, అధికారం లేదు.

ఈ ఎడారి వరద స్వభావం మన గోదావరి, కృష్ణా వరదలు చూసినవాళ్లకి కొత్తగా ఉంటుంది. వాన పడేది ఎక్కడో పశ్చిమాన కొండల మీద. ఎండి గట్టిపడిన నేల నీటిని పీల్చుకోదు. వచ్చిన నీరంతా సన్నటి లోయల్లోకి గోడలా దూసుకొస్తుంది. లోయలో నిలబడ్డవాళ్ల నెత్తిన ఎండ కాస్తూ ఉండొచ్చు. ఆకాశం చూసి తీర్పు చెప్పే అలవాటు అక్కడ పనికిరాదు.

ఈ సంగతి చదువుతుంటే తెలుగు వాళ్లకి బియాస్ గుర్తుకు రాకుండా ఉండదు. 2014 జూన్ 8 సాయంత్రం, హిమాచల్‌లోని లార్జి ఆనకట్టకి దిగువన, హైదరాబాద్ నుంచి విహారయాత్రకి వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు నదిలో రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. పైన ఆనకట్ట గేట్లు ఎత్తారు. 24 మంది విద్యార్థులు, వాళ్లతో వెళ్లిన టూర్ నిర్వాహకుడు ఒకరు కొట్టుకుపోయారు. అక్కడ కూడా ఆకాశం చూస్తే ప్రమాదం తెలిసేది కాదు. నీటి అంచున నిలబడి, అడుగు ముందుకు వేయొద్దని గట్టిగా చెప్పే స్థానిక మనిషి ఒక్కడుంటే చాలు. పాతిక ఇళ్లలో ఆ తర్వాతి పండుగలు వేరేగా జరిగేవి.

ఎండ సంగతీ ఇంతే. జూలైలో మృతసముద్రం తీరాన పగటి ఉష్ణోగ్రత మామూలుగా 39, 40 డిగ్రీలు. రెంటచింతల ఎండలు చూసినవాళ్లకి ఇది పెద్దగా అనిపించకపోవచ్చు. లండన్‌లో జూలై సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత 23, 24 డిగ్రీలు. అక్కడి నుంచి నాలుగు గంటల పైచిలుకు విమానంలో దిగిన పిల్లవాడి శరీరం కొత్త వేడికి అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అయినా మసాదా కోట ఎక్కే కార్యక్రమం మొదటి వారంలోనే పెట్టేవాళ్లుంటారు. పాముమెలికల దారిలో సుమారు 350 మీటర్ల ఎత్తు కాలినడకన ఎక్కాలి. సూర్యోదయానికి ముందే మొదలుపెట్టాలన్న పద్ధతి అందం కోసం పుట్టినా, ఆరోగ్యానికీ అదే సరైనది. తలకి టోపీ, ఒక్కొక్కరి సంచిలో మూడు లీటర్ల నీళ్లు ఉండాలి.

నీళ్లతో పాటు ఉప్పు కూడా కావాలి. నీళ్లు మాత్రమే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, తికమక మొదలవుతాయి. చూడ్డానికి అదీ వడదెబ్బలాగే ఉంటుంది. అసలు వడదెబ్బలో శరీరం లోపలి వేడి 40 డిగ్రీలు దాటుతుంది, మాట తడబడుతుంది, ప్రవర్తన మారిపోతుంది. అప్పుడు పాటించాల్సిన క్రమం, ముందు చల్లబరచడం, ఆ తర్వాత తరలించడం. దొరికితే చల్లటి నీళ్లలో ముంచాలి, లేదంటే తడిపి విసరాలి. మొదటి అరగంటలో వేడి దిగితే బతికే అవకాశం చాలా ఎక్కువ. అంబులెన్సు కోసం ఎదురుచూస్తూ ఆ అరగంటని వదులుకోకూడదని బస్సులో ఉన్న పెద్దవాళ్లందరికీ తెలిసి ఉండాలి.

ఆ పెద్దవాళ్ల వయసు ఎంత? బృందాన్ని నడిపే నాయకుల్ని మద్రిఖ్ అంటారు. చాలా సంఘాల్లో వాళ్లు 18 నుంచి 22 ఏళ్ల మధ్య ఉన్న విద్యార్థులు. నాలుగేళ్ల కిందట ఇదే బస్సులో కూర్చున్నవాళ్లు. పిల్లలు మనసు విప్పేది వాళ్ల దగ్గరే, ఈ ఉద్యమాలకి ప్రాణం వాళ్లే. అది నేను తక్కువ చేయను. అయితే ఫిలడెల్ఫియాలోని టెంపుల్ యూనివర్సిటీలో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ చేసి 2005లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ చాలా విలువైనది. 306 మందిని మూడు వయసులుగా విడదీసి, తెర మీద కారు నడిపే ఆట ఆడించారు. పసుపు దీపం వెలిగాక ఆపాలా, ఇంకాస్త ముందుకు పోనివ్వాలా అన్నదే ఆట. ఒంటరిగా ఆడినప్పటికంటే తోటివాళ్లు పక్కన చూస్తుండగా 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు రెండింతల సాహసం చేశారు. 18 నుంచి 22 ఏళ్లవాళ్లలో ఆ పెరుగుదల సగం. 24 దాటినవాళ్లలో తేడా కనిపించలేదు.

అంటే బస్సులో నలభై మంది రెండింతల వాళ్లయితే, వాళ్లని ఆపాల్సిన నలుగురు ఒకటిన్నర వాళ్లు. అందరూ అందరి కళ్ల ముందే ఉంటారు, మూడు వారాల పాటు, రాత్రింబగళ్లు. పాతికేళ్లు దాటినవాళ్లు ఒక్కరైనా అదే బస్సులో, అదే హాస్టల్‌లో ఉండాలని నేను పట్టుబట్టడానికి కారణం ఈ లెక్కే. దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. మద్యం తాగడానికి అమెరికాలో 21 నిండాలి, ఇజ్రాయెల్‌లో 18 చాలు. న్యూజెర్సీ నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ల నాయకుడికి జెరూసలేంలోని బెన్ యెహుదా వీధిలో తొలిసారి చట్టబద్ధంగా గ్లాసు అందుతుంది. పిల్లలకి ఖాళీ సాయంత్రం ఇచ్చిన రాత్రే అతనికీ ఆ స్వేచ్ఛ దొరకకూడదు.

ఎంతమంది పిల్లలకి ఒక పెద్ద ఉండాలన్న నిష్పత్తులు చట్టాల్లో రాసి ఉంటాయి. ఫ్రాన్స్‌లో ఆరేళ్లు దాటిన పిల్లల సెలవుల శిబిరాల్లో పన్నెండు మందికి ఒక నాయకుడు ఉండాలి. ఆ నాయకుల్లో కనీసం సగం మంది బీఏఎఫ్‌ఏ అనే శిక్షణ పూర్తి చేసి ఉండాలి, శిక్షణ లేనివాళ్లు ఐదో వంతుకి మించకూడదు. 2025 జూలై 23న స్పెయిన్‌లోని వాలెన్సియాలో పారిస్ వెళ్లే వూలింగ్ విమానం నుంచి ఫ్రెంచి యూదు పిల్లల బృందాన్ని దించేశారు. 44 మంది మైనర్లు, 8 మంది పెద్దవాళ్లు. లెక్క వేస్తే ఒక పెద్దకి ఐదారుగురు, చట్టం కోరినదానికి రెట్టింపు. పిల్లలు అత్యవసర సామగ్రిని తాకారని, భద్రతా ప్రదర్శనకి అడ్డుపడ్డారని విమానయాన సంస్థ చెప్పింది. హీబ్రూలో పాట పాడినందుకే దించారని బృందం తరఫువాళ్లు అన్నారు, మతవివక్ష ఆరోపణని సంస్థ ఖండించింది. అందరూ ఒప్పుకునే విషయం ఒకటుంది. బృందం డైరెక్టర్‌కి పోలీసులు బేడీలు వేశారు, ఆమె వయసు 21. పరాయి దేశపు విమానాశ్రయంలో ఆ వయసు అమ్మాయి పోలీసుల చేతుల్లో ఉంటే, ఆ క్షణం నుంచి 44 మంది పిల్లల బాధ్యత ఎవరిది? ఆ పేరు ముందే కాగితం మీద రాసి, పిల్లలందరికీ తెలిసి ఉండాలి.

యూదు పిల్లలైనందుకే ఎదురయ్యే ద్వేషం కల్పన కాదు. 2025 ఆగస్టులో పిరనీస్ కొండల్లోని ఒక వినోద పార్కు, ముందే బుక్ చేసుకున్న 150 మంది ఇజ్రాయెలీ పిల్లల్ని రానివ్వలేదు. వాళ్ల వయసు 8 నుంచి 16. మేనేజర్‌ని ఫ్రెంచి పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. పోలండ్‌లోని నాజీ శిబిరాల్ని చూడటానికి కోవిడ్‌కి ముందు ఏటా సుమారు 40,000 మంది ఇజ్రాయెలీ విద్యార్థులు వెళ్లేవారు. 2022లో ఆ యాత్రలు ఆగిపోయాయి. పిల్లలకి ఏం చెప్పాలన్న వివాదంతో పాటు, వెంట వచ్చే ఇజ్రాయెలీ కాపలాదారుల దగ్గర తుపాకులు ఉండాలా వద్దా అన్నది కూడా తగాదా. 2023 మార్చిలో ఒప్పందం కుదిరాకే మళ్లీ దారి తెరుచుకుంది. కాబట్టి కాపలా అనవసరమని నేనట్లేదు. కాపలాదారుడు బయటి మనిషిని చూస్తాడు, లోపలి మనిషిని చూడడు.

లోపలి మనిషి చేసిన హాని గురించి ఈ సమాజం చాలా ఆలస్యంగా మాట్లాడింది. 2000 జూన్‌లో న్యూయార్క్ జ్యూయిష్ వీక్ పత్రిక, ఆర్థడాక్స్ యువజన సంస్థ ఎన్‌సీఎస్‌వైలో దశాబ్దాలుగా పనిచేసిన ఒక ప్రాంతీయ డైరెక్టర్ పిల్లల్ని వేధించాడన్న కథనం వేసింది. అతను ఇజ్రాయెల్‌లో వేసవి కార్యక్రమాలు కూడా నడిపినవాడు. ఆ డిసెంబరులో మాతృసంస్థ వేసిన కమిషన్ ఇచ్చిన నివేదిక 332 పేజీలు. హెచ్చరికలు కళ్ల ముందున్నా నాయకత్వం పట్టించుకోలేదన్నది దాని సారాంశం. 2002లో, తాను ప్రిన్సిపాల్‌గా ఉన్న పాఠశాల విద్యార్థినుల పట్ల చేసిన నేరాలకి, న్యూజెర్సీ కోర్టు అతనికి ఏడేళ్ల శిక్ష వేసింది. రిఫార్మ్ సమాఖ్య తన శిబిరాలు, యువజన కార్యక్రమాల మీద బయటి న్యాయవాద సంస్థతో విచారణ చేయించి నివేదికని 2022 ఫిబ్రవరిలో బయటపెట్టింది. రెండు సంస్థలూ సొంతంగా వేయించుకున్న విచారణల్లో తేలినదాన్ని జనం ముందు పెట్టడం చాలా అవసరమైన పని.

బ్రిటన్ చట్టంలో పదహారేళ్లకి సమ్మతి వయసు వచ్చేస్తుంది. అయితే 2003 చట్టం ప్రకారం ఉపాధ్యాయుడిలాంటి నమ్మకపు స్థానంలో ఉన్న వ్యక్తి 18 నిండని విద్యార్థితో సంబంధం పెట్టుకుంటే నేరం. 2022లో దీన్ని క్రీడలు, మతం నేర్పేవాళ్లకీ విస్తరించారు. యాత్రలో పాటలు పాడించి, గదులు సర్ది, ఆటలాడించే ఇరవై ఏళ్ల నాయకుడు దాని కిందకి వస్తాడా లేదా అన్నది అతను చేసే పనిని బట్టి కోర్టు తేల్చాలి. అంతదాకా ఆగకుండా సంఘమే నియమం పెట్టాలి. నాయకుడికీ పిల్లలకీ మధ్య ఏ రకమైన సంబంధమూ ఉండకూడదు. మూసిన గదిలో ఒక పెద్ద, ఒక పిల్ల మాత్రమే ఉండకూడదు. ఫిర్యాదు చేసే ఫోన్ నంబరు బస్సులో ఉన్నవాళ్లెవరిదీ కాకూడదు. ఈ మూడోది లేకపోతే మొదటి రెండూ కాగితానికే పరిమితం.

యాత్రకి ముందు తల్లిదండ్రులు నింపే వైద్య ఫారం గురించి ఒక్క మాట. నువ్వుల అలర్జీ ఉన్న పిల్లలకి ఇజ్రాయెల్ కష్టమైన దేశం, నువ్వుల ముద్ద అయిన తహినా లేని భోజనం అరుదు. అమెరికా 2023 జనవరి నుంచి నువ్వుల్ని తొమ్మిదో ప్రధాన అలర్జీ పదార్థంగా ఆహారపు లేబుళ్లమీద తప్పనిసరి చేసింది. రోడ్డు పక్క ఫలాఫెల్ బండికి లేబుల్ ఉండదు. అలర్జీ ముదిరితే ఇవ్వాల్సిన ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ బస్సు డిక్కీలో సూట్‌కేసులో ఉంటే లేనట్టే లెక్క. మానసిక ఆందోళనకి మందులు వాడే పిల్లల ఫారంలో ఆ విషయం దాచే తల్లిదండ్రులు కూడా ఉంటారు. పిల్లని యాత్రకి తీసుకోరేమోనని భయం. నాయకులకి తెలియని మందు మూడో వారంలో అయిపోతే ఆ భయం కంటే పెద్ద కష్టం వస్తుంది.

చివరికి డబ్బు దగ్గరికి రావాలి. బ్రిటిష్ విదేశాంగ శాఖ ఒక దేశానికి వెళ్లొద్దని సూచిస్తే, దాన్ని కాదని వెళ్లేవాళ్లకి మామూలు ప్రయాణ బీమా వర్తించదు. యువజన సంఘాలకి ఇది మేలు. బయటి నుంచి ఒక ‘వద్దు’ వస్తుంది, దాని మీద వాదన ఉండదు. కానీ వరద హెచ్చరిక ఉన్న రోజున లోయ నడక మానేస్తే? పిల్లల్లో ముగ్గురికి వాంతులవుతున్నాయని రెండు రోజుల కార్యక్రమం ఆపేస్తే? ముందే కట్టిన డబ్బు పోతుంది, కొత్త బస్సుకి, కొత్త వసతికి ఖర్చవుతుంది. ఆ నష్టం ఇరవై ఏళ్ల నాయకుడి మీద పడుతుందనిపిస్తే అతను సందేహిస్తాడు. ఆపే అలవాటు ఉండాలంటే ఆపినప్పుడు అయ్యే ఖర్చు బడ్జెట్‌లోనే ఉండాలి.

బియాస్ కేసులో 2016లో హిమాచల్‌ప్రదేశ్ హైకోర్టు ఒక్కో కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. అందులో 60 శాతం విద్యుత్ బోర్డు, 30 శాతం కాలేజీ, 10 శాతం రాష్ట్ర ప్రభుత్వం భరించాలని పంచింది. ప్రాణాలు పోయాక చేసిన ఈ పంపకాన్ని యాత్రకి ముందే చేయమని అడగొచ్చు. లండన్‌లో, న్యూయార్క్‌లో, హైదరాబాద్‌లో ఎక్కడైనా సరే, పిల్లల్ని పంపే తల్లిదండ్రులు సంతకం పెట్టేముందు నిర్వాహకులని నాలుగు సంగతులు రాతపూర్వకంగా అడగాలి. నీళ్ల దగ్గరా, కొండ దగ్గరా, రోడ్డు మీదా కార్యక్రమం ఆపగలిగే మనిషి పేరేమిటి. ఆ మనిషి వయసెంత. అతను ఆపితే అయ్యే ఖర్చు ఎవరు భరిస్తారు. ఆపినందుకు అతని మీద ఏ చర్యా ఉండదని ఎవరు సంతకం చేశారు.